నాలుగు పట్టాల మీదుగా 11 కేవీ లైన్: ఒక కేస్ స్టడీ

2022 నవంబర్‌లో ఒకరోజు పొద్దున్నే లైన్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, నిన్న తీసిన గుంతలు మూడూ పూడ్చేసిన్రు" అన్నాడు. ముందు రోజే ఒక పత్తి చేలో స్తంభాల కోసం ఆ గుంతలు తీయించాం. అప్పుడు నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలో విద్యుత్ సంస్థ సెక్షన్ ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్‌గా) ఉన్నాను. ముగ్గురు రైతుల బోర్లకు కొత్త కనెక్షన్లు ఇవ్వాల్సిన పని అది. ఆ చేనుకు సంబంధించి సంతకం చేసిన అంగీకార పత్రం నా ఫైల్లో ఉంది. అయినా పని ఎందుకు ఆగిందో, నాలుగు నెలల తర్వాత ఎలా పూర్తయిందో వివరంగా రాస్తున్నాను. కొత్తగా సెక్షన్లకు వచ్చే ఏఈలకు, లైన్ కాంట్రాక్టర్లకు, కనెక్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే రైతులకు ఇది పనికొస్తుందని నా నమ్మకం. ఊరి పేరు, మనుషుల పేర్లు కావాలనే రాయడం లేదు.

పని స్వరూపం

ముగ్గురివీ పక్కపక్క భూములే. ఊరికి దూరంగా, మెరక మీద ఉన్న చెల్కలు. ఒక్కొక్కరికి 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. దాదాపు 600 మీటర్ల అవతల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సర్వీస్ వైరు లాక్కుని, దాన్ని కట్టెల మీద, తుమ్మ చెట్ల మీద వేసుకుని నడిపిస్తున్నారు. అంత దూరం వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. ఒకాయన మోటారు ఆ వానాకాలంలోనే రెండుసార్లు కాలిపోయింది. మోటారు సంగతి అలా ఉంచితే, ఆ వైరు రెండు చోట్ల మనిషి తలకు తగిలేంత కిందికి ఉంది. అక్కడ పిల్లలు మేకలు కాస్తుంటారు. ఈ పని మీద నాకున్న టెన్షన్ అంతా దాని గురించే.

మోటార్లకు నేరుగా కరెంటిచ్చే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైన్ అంత దూరం లాగితే మళ్లీ అదే వోల్టేజీ సమస్య వస్తుంది. అందుకే 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్‌నే బోర్ల దాకా తీసుకెళ్లి, అక్కడ 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలని ఎస్టిమేట్ వేశాను. స్తంభానికీ స్తంభానికీ మధ్య 60 మీటర్లకు అటూఇటూగా పది స్తంభాలు. చివరి స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్. స్కెచ్‌లో గీత తిన్నగా గీశాను. దాని కింద నాలుగు పట్టాలు, ఒక బండ్ల బాట ఉన్నాయి. ఎస్టిమేట్ శాంక్షన్ అయింది, స్టోర్స్ నుంచి మెటీరియల్ వచ్చింది. సంతకాలు తీసుకునే పని కాంట్రాక్టర్ మనుషులకు వదిలేశాను. నా మొదటి తప్పు అదే.

చట్టం ఏమంటుంది

విద్యుత్ చట్టం, 2003లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని గానీ, ఆ స్థలంలో ఉంటున్న వ్యక్తి గానీ అడిగితే కరెంటు ఇవ్వడం డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) బాధ్యత. 2020 వినియోగదారుల హక్కుల రూల్స్ గ్రామాల్లో కొత్త కనెక్షన్‌కు 30 రోజుల గడువు పెట్టాయి. 2024లో సవరించి దాన్ని 15 రోజులకు తగ్గించారు, కొండ ప్రాంతాల పల్లెలకు మాత్రం 30 రోజులే ఉంచారు. అయితే లైన్ పొడిగించాల్సిన చోట ఈ రోజుల లెక్క కుదరదు, అక్కడ విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ పెట్టిన గడువు చూడాలి. రైతు మాత్రం ఆ రోజుల లెక్కే విని వస్తాడు. ఈ తేడా మొదటి రోజే చెప్పకపోతే తర్వాత మనం ఏం చెప్పినా సాకులాగే వినిపిస్తుంది.

ఇంకొకరి భూమి మీదుగా లైన్ వేయడానికి ఆధారం 67వ సెక్షన్, దాని కింద వచ్చిన వర్క్స్ ఆఫ్ లైసెన్సీస్ రూల్స్, 2006. అందులో 3వ రూల్ ప్రకారం భూమి యజమాని లేదా భూమి మీద ఉన్నవాళ్ల అంగీకారం ముందే తీసుకోవాలి. వాళ్లు అభ్యంతరం చెబితే జిల్లా కలెక్టర్ నుంచి, కమిషనరేట్ ఉన్న చోట పోలీస్ కమిషనర్ నుంచి, లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన మరో అధికారి నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. ఆ అధికారే నష్టపరిహారం గానీ, ఏటా అద్దె గానీ, రెండూ గానీ నిర్ణయిస్తారు. ఆ ఉత్తర్వు మీద రెగ్యులేటరీ కమిషన్ దగ్గర రివిజన్‌కు వెళ్లవచ్చు.

స్తంభం పాతితేనే అనుమతి కావాలి, తీగ పైనుంచి పోతే అక్కర్లేదు అని మా స్టాఫ్‌లోనే చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. భూమి లోపల, భూమి మీద, భూమి పైన ఎక్కడ లైన్ పోయినా ఆ రూల్ వర్తిస్తుంది.

మరో అయోమయం కౌలుదార్లు, అద్దెదార్ల విషయంలో ఉంది. తానుంటున్న ఇంటికే మీటరు అడిగే కిరాయిదారుకు యజమాని ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేదని కరెంటు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2022లో దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో స్పష్టంగా చెప్పింది. అక్కడ చూడాల్సింది అతను నిజంగా అక్కడ ఉంటున్నాడా అన్నదే. మన కేసు వేరు. పక్కవాడి చేలోంచి లైన్ దాటాలి కాబట్టి ఆ తీర్పు చూపించి ఇక్కడ పని నడపలేం.

పత్తి చేను

గుంతలు పూడ్చిన చేను యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు. భూమి కౌలుకు ఇచ్చాడు. కాంట్రాక్టర్ మనుషులు చేలో పత్తి ఏరుతున్న కౌలురైతు దగ్గర సంతకం తీసుకున్నారు. భూమి మీద ఉన్నవాళ్ల అంగీకారం చాలని రూల్లో ఉంది కాబట్టి కాగితం సరిగ్గానే ఉంది. కానీ ఫోన్లో ఈ కబురు విన్న యజమాని మండిపడ్డాడు. "నా భూమి గురించి నన్ను అడగరా?" అని కౌలురైతును తిట్టి, గుంతలు పూడ్పించాడు. కౌలురైతు నా దగ్గరకు వచ్చి, "సారూ, వచ్చే ఏడు నాకు కౌలు ఇయ్యనంటుండు. సంతకం పెట్టుమంటే పెట్టిన. నాకేమెరుక?" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నోటిమాట కౌలు మీద బతుకుతున్న మనిషి చేత సంతకం పెట్టించి అతని బతుకుతెరువును ఇబ్బందిలో పెట్టాం. కౌలురైతు సంతకం చట్టానికి సరిపోవచ్చు, అయినా యజమానితో మాట్లాడకుండా దాన్ని తీసుకోకూడదని ఆ రోజే నియమం పెట్టుకున్నాను. కౌలురైతును మాత్రం వేరే విషయం అడగాలి: పంట ఎప్పుడు చేతికొస్తుంది, ఏ వారంలో వస్తే నష్టం తక్కువ?

యజమానికి నేనే ఫోన్ చేశాను. ముందు క్షమాపణ చెప్పాను. ఆదివారం చేను దగ్గరికి రమ్మని అడిగితే వచ్చాడు. చేతిలో సుద్దపొడి, మేకులు పట్టుకుని ఇద్దరం చేనంతా నడిచాం. ఆయన భయం నడిస్తే గానీ బయటపడలేదు. రోడ్డు వైపు భాగం రేపెప్పుడైనా అమ్ముదామని ఆయన ఆలోచన. నా తిన్నని గీత సరిగ్గా ఆ భాగం మధ్యలోంచి పోతోంది. కింద భూమి ఆయనదే అయినా 11 కేవీ తీగ కింద ఇల్లు కట్టలేరు. భవనానికి పక్కనుంచి పోతే కనీసం 1.2 మీటర్లు, పైనుంచి పోతే 3.7 మీటర్లు ఖాళీ వదలాలి. ఆయన భయం నిజమైనదే. లైన్‌ను గెట్టు మీదికి జరిపితే ఒప్పుకుంటానన్నాడు.

టవర్ల సంగతీ అడిగాడు. "పక్క మండలంలో టవర్‌కి లక్షలు ఇచ్చారంట, మాకేం లేదా?" ఈ ప్రశ్న ప్రతి ఊళ్లో వస్తుంది, దాటవేయకుండా జవాబు చెప్పాలి. కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో టవర్ కాళ్ల కింది భూమికి విలువలో 85 శాతం, తీగల కింది కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం అని ఉంది. ఈ కేసు అయిపోయాక, 2024 జూన్‌లో, వాటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచారు. అవి 66 కేవీ, ఆ పైన ఉండే ట్రాన్స్‌మిషన్ లైన్లకు. మన 11 కేవీ లైన్‌కు వర్తించవు. ఇక్కడ పోయిన పంటకు, జరిగిన నష్టానికి 2006 రూల్స్ కింద పరిహారం అడగవచ్చు. ఈ పరిహారం మాటే ఆయనకు అప్పుడు చెప్పాను.

భవిష్యత్తులో లైన్ జరపాల్సి వస్తే ఉచితంగా జరుపుతామని రాసివ్వమన్నాడు. రాయలేదు. లైన్ షిఫ్టింగ్‌ను అడిగినవాళ్ల ఖర్చుతో డీసీ వర్క్ (డబ్బు ముందే కట్టించుకుని చేసే పని) కింద చేస్తారు. నేను బదిలీ అయిపోయాక నా హామీని ఎవరూ గుర్తించరు. పని జరిపించుకోవడానికి ఇచ్చే ఇలాంటి మాటలే పదేళ్ల తర్వాత ఊళ్లో డిపార్ట్‌మెంట్ పరువు తీస్తాయి.

గెట్టు, బత్తాయి తోట, స్టే వైరు

గెట్టు మీదికి జరపడం చెప్పినంత తేలిక కాదు. ఆ గెట్టుకు అవతల బత్తాయి తోట ఉంది. గెట్టు ఇద్దరిదీ కాబట్టి రెండో సంతకం కావాలి. తోట పెద్దాయనకు డెబ్బై ఏళ్లుంటాయి. స్తంభం సంగతే ఆయన ఎత్తలేదు. "ఏటా మీ పోరగాండ్లు కత్తులు పట్టుకొచ్చి కొమ్మలు నరుకుతరు. కాయ మీదున్న కొమ్మ కూడా సూడరు. అది ముందుగాల రాయున్రి" అన్నాడు. రాశాను: కొమ్మలు కొట్టే ముందు తోట యజమానికి చెప్పాలి, ఆయన ఉండగానే కొట్టాలి, గెట్టు పక్క వరుస తప్ప లోపలి వరుస ముట్టుకోకూడదు.

ఇక స్టే వైరు, అంటే స్తంభం ఒరగకుండా నేలలోకి లాగి కట్టే తీగ. నా అనుభవంలో గొడవలు ఎక్కువగా దాని మీదే వచ్చాయి. స్తంభం అడుగు స్థలమే తీసుకుంటుంది. స్టే మాత్రం స్తంభం నుంచి ఏటవాలుగా చేలోకి దిగి, నాగలికీ ట్రాక్టర్‌కూ అడ్డం పడుతుంది. ఎడ్లు తట్టుకుని పడతాయి. కానీ మనం అనుమతి అడిగేటప్పుడు స్తంభం గురించే చెబుతాం. పని రోజున స్టే గుంత తవ్వుతుంటే రైతు పరుగెత్తుకుంటూ వస్తాడు.

లైన్ మలుపు తిరిగే కట్ పాయింట్ దగ్గర స్టే తప్పదు. తీగ లాగే దిశకు ఎదురుగా అది పడాలి. అందుకే మలుపులను గెట్టు కలిసే మూలల దగ్గరకు మార్చాను. నిలువు గెట్టు, అడ్డం గెట్టు కలిసే చోట స్తంభం వేస్తే, రెండు గెట్లూ ముందుకు సాగుతాయి కాబట్టి రెండు స్టేలూ గెట్ల మీదే పడతాయి. ఎవరి సాలూ పోదు. దీనికి పది స్తంభాలు పన్నెండు అయ్యాయి, ఎస్టిమేట్ రివైజ్ చేయాల్సి వచ్చింది. రెండు స్తంభాలు ఎక్కువెందుకని పై ఆఫీసులో అడిగారు. పూడ్చిన గుంతల ఫోటోలు జత చేసి పంపాను.

బండ్ల బాట

నక్షలో ఒక బండ్ల బాట ఉంది. ప్రభుత్వ భూమి కాబట్టి లైన్ దాని వెంట తీసుకెళితే అనుమతుల బాధ తగ్గుతుందని అనుకున్నాను. నేల మీద చూస్తే ఆ బాట లేదు. ఎవరో ఎప్పుడో దున్ని చేలో కలుపుకున్నారు. దరఖాస్తు పెట్టిన ముగ్గురిలో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "సార్, స్తంభాలు బాట మీదనే ఎయ్యున్రి. బాట కూడా బయటికొస్తది" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, వాళ్ల పాత తగాదాలోకి నా స్తంభాలను దించుతున్నారని. బాట కావాలంటే తహసీల్దార్‌కు పెట్టుకోవాలి, సర్వేయర్ కొలవాలి. కరెంటు స్తంభం చేసే పని కాదది. ఆ దారి వదిలేశాను.

అప్పటి నుంచి నా అంగీకార పత్రంలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "ఈ స్తంభం హద్దురాయి కాదు. దీనివల్ల ఎవరి భూమి హక్కూ మారదు." ఇది చదివి వినిపిస్తే సగం మంది ముఖాలు అక్కడే తేటపడతాయి.

చనిపోయిన తండ్రి పేరు మీద పట్టా

మూడో పట్టా తండ్రి పేరు మీదే ఉంది. ఆయన పోయి నాలుగేళ్లు. అన్నదమ్ములిద్దరూ సాగు చేసుకుంటున్నారు, విరాసత్ (వారసుల పేరు మీదికి పట్టా మార్పు) చేయించుకోలేదు. ఇద్దరూ సంతోషంగా సంతకం పెట్టారు, తల్లి వేలిముద్ర వేసింది. పని మొదలయ్యే ముందు రోజు, పక్క మండలంలో కాపురం ఉంటున్న ఆ అన్నదమ్ముల తోబుట్టువు వచ్చింది. ఆ భూమిలో ఆమెకూ వాటా ఉంది. 2005 చట్ట సవరణతో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చిందని మనందరికీ తెలుసు, అయినా ఊళ్లో సంతకాలకు వెళ్లినప్పుడు ఆమెను అడగాలని తోచదు. నాకూ తోచలేదు.

"అమ్మా, లైన్ వల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?" అని అడిగాను. "లైన్ పోనియ్యి సార్, మంచిదే. నన్నొక మాట అడుగలేదు గదా" అంది. అన్నదమ్ములు తలలు దించుకున్నారు. నలుగురినీ కూర్చోబెట్టి కాగితం మళ్లీ రాశాను. అరగంట పట్టింది. ఆమె కోర్టుకు వెళ్లి ఉంటే ఎన్నేళ్లు పట్టేదో.

ససేమిరా అన్న ఆయన

చివరి పట్టా దగ్గర పని పూర్తిగా ఆగిపోయింది. ఆయన ఇంటికి మూడుసార్లు వెళ్లాను. "నా చేన్ల తీగ కూడా కనబడొద్దు" అనడం తప్ప మరో మాట లేదు. 2019 పంచాయతీ ఎన్నికల్లో దరఖాస్తుదారుల్లో ఒకరితో గొడవ పడ్డాడని, ఆ కక్షేనని ఊరంతా చెప్పారు. నేనూ నమ్మాను. కలెక్టర్ అనుమతి కోసం లేఖ తయారుచేశాను. స్కెచ్, సర్వే నంబర్లు, ప్రత్యామ్నాయ మార్గం ఎందుకు కుదరదో, అన్నీ రాశాను. రెండో దారి కుంట శిఖంలోంచి పోతుంది, నీళ్లు నిండితే స్తంభాలు నిలవవు.

మా పై అధికారి ఏడీఈ ఆ లేఖ చదివి వెనక్కి ఇచ్చారు. "అభ్యంతరం కింద ఊరు ఏమందో రాశావు. ఆయన ఏమన్నాడో ఆయన మాటల్లో రాసుకుని రా" అన్నారు. నిజానికి రూల్ నడిచేదే అలా. అభ్యంతరం ఏమిటో తెలియకుండా కలెక్టర్ మాత్రం దేని మీద నిర్ణయం తీసుకుంటారు?

నాలుగోసారి కాగితం, పెన్ను పట్టుకుని వెళ్లాను. "మీరు చెప్పండి, నేను రాసుకుంటాను. ఒక్క మాట మార్చను" అన్నాను. ఆయన కాసేపు నన్నే చూసి, చేను అవతలి అంచుకు తీసుకెళ్లాడు. అక్కడ మాదే పాత ఎల్‌టీ లైన్. ఒక స్తంభం వంగి, తీగలు వేలాడుతున్నాయి. ట్రాక్టర్ దాటాలంటే ఆయన కొడుకు ఎండిన వెదురు కర్రతో తీగను పైకెత్తి పట్టుకుంటున్నాడు. ఆరేళ్లుగా చెబుతున్నాడట. వచ్చిన ప్రతి ఒక్కరూ చూసి వెళ్లారు. "పాతది సక్కజెయ్యలేరు, కొత్తది ఏస్తమంటరు. రేపు అది గూడ వంగితే నేనెవలికి జెప్పాలె?" అన్నాడు.

పొలాల మీదుగా పోయే 11 కేవీ వరకు ఉన్న మామూలు తీగ నేల నుంచి కనీసం 4.6 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఆ తీగ ఒక వెదురు కర్రకు అందుతోంది. నేను ఆ సెక్షన్‌లో చేరి ఏడాదిన్నర అయింది, ఆ గట్టు దాకా ఒక్కసారీ నడవలేదు. మర్నాడే ఎల్‌సీ (లైన్‌లో కరెంటు ఆపి పని చేసే అనుమతి) తీసుకుని రెండు స్తంభాలు మార్పించి, తీగలు బిగించాం. మూడు రోజుల పని. కలెక్టర్‌కు లేఖ పంపే అవసరం రాలేదు. కొత్త లైన్ తన చేలో ట్రాక్టర్ తిరిగే మూల దగ్గర రెండు మీటర్లు పక్కకు పడాలని అడిగాడు, అలాగే వేశాం. ట్రాక్టర్ లైన్ కిందుగా దాటే ఆ చోట 8 మీటర్ల స్తంభాల బదులు 9.1 మీటర్లవి వాడాం. పొడవులో ఆరో వంతు భూమిలోకి పోయినా దాదాపు ఏడున్నర మీటర్లు పైకి ఉంటుంది.

కాగితం, పరిహారం

ఈ కేసు తర్వాత నా అంగీకార పత్రం పెద్దదైంది. సర్వే నంబరుతో పాటు ఏ స్తంభం గెట్టు నుంచి ఎన్ని అడుగుల్లో పడుతుందో, స్టే ఏ దిక్కుకు దిగుతుందో, పని ఏ వారంలో చేస్తామో, అప్పుడు చేలో ఏ పంట ఉంటుందో తెలుగులో రాస్తాను. మేకులు పాతాక ఫోటో తీసి వెనక అతికిస్తాను. ఒక కాపీ రైతుకే ఇస్తాను.

పరిహారం విషయంలో నా మనసులో వెలితి అలాగే ఉంది. గుంతల చుట్టూ పోయిన పత్తికి పెద్దమనుషుల సమక్షంలో లెక్కగట్టి, దరఖాస్తుదారులే కౌలురైతుకు డబ్బిచ్చారు. రూల్ ప్రకారం అది లైన్ వేసే సంస్థ భరించాల్సింది. ఎస్టిమేట్‌లో కండక్టర్‌కు, ఇన్సులేటర్‌కు, సిమెంటుకు పద్దు ఉంది, పంట నష్టానికి లేదు. ఆ ఒక్క పద్దు ఉంటే ఏఈలు చేతులు కట్టుకుని బతిమాలే పరిస్థితి చాలావరకు తప్పుతుంది. ఈ మాట అప్పుడూ రాసి పంపాను, ఇప్పుడూ అంటాను.

2023 మార్చి రెండో వారంలో లైన్ చార్జ్ చేశాం, అంటే కరెంటు ఎక్కించాం. ఆ యాసంగి నాట్లు ముగ్గురికీ పోయాయి. అనుమతుల పని మొదటి నుంచీ నేనే చేసి ఉంటే డిసెంబర్‌కల్లా కరెంటు వచ్చేది, కనీసం ఒక మడి నాటుకునేవాళ్లు. చార్జ్ చేసిన సాయంత్రం ముగ్గురూ కలిసి కట్టెల మీది పాత వైరును తీసి చుట్ట చుట్టారు. పక్కన నిలబడి అతుకులు లెక్కపెట్టాను. 14 ఉన్నాయి. వాటిలో అయిదింటికి టేపు కూడా లేదు.